వాషర్లు, దారాలు, జెమ్ క్లిప్పులు: ఒక అల్లికని విప్పిన డైరీ

మొదటి ఆదివారం

2012 జూలై 31 మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఉత్తర, తూర్పు, ఈశాన్య కరెంటు గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. ముందురోజు తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ ఒక్కటే పడింది. దాన్ని లేపి నిలబెట్టిన మర్నాడే ఇది. అరవై కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతంలో కరెంటు లేదు. రెండు రోజులూ గొలుసు మొదలైంది ఒకే లైను దగ్గర: బీనా–గ్వాలియర్ 400 కేవీ. మన దగ్గర ఆ ఏడాది కోతలు బాగానే ఉండేవి, కానీ ఆ కూలడం మాత్రం మనదాకా రాలేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పుకునే నాకు అప్పట్నుంచీ ఒకటే ప్రశ్న. ఒక పోగు తెగితే సగం దేశాన్ని పడేసిన అల్లిక, దక్షిణం అంచుకి వచ్చేసరికి ఎందుకు ఆగింది?

జవాబు పుస్తకాల్లో ఉంది, నాకు తెలుసు కూడా. కానీ దాన్ని చేత్తో పట్టుకుని చూడాలని ఉంది. ఏ ముడి విప్పితే అల్లిక ఊడిపోతుంది, ఏది విప్పితే ఏమీ కాదు, ఎన్ని విప్పితే చాలు? నెట్‌వర్క్‌ని తక్కువ ఖర్చుతో ముక్కలు చేసే పద్ధతుల మీద గత పాతికేళ్లలో చాలా పని జరిగింది. అదంతా ఒక్కో మెట్టుగా నేనే చేసి చూడాలి. మేనల్లుడు బీటెక్ రెండో ఏడు, సెలవులకి మా ఇంటికొచ్చాడు. కంప్యూటర్ పని వాడిది, చేతిపని నాది అనుకున్నాం.

మన గ్రిడ్ పటం తీసుకుని దాన్ని ఎక్కడ విరగ్గొట్టొచ్చో లెక్కలు కట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని ఎవరికీ హాని లేని, అందరూ వాడే చిన్న నెట్‌వర్క్‌తో మొదలుపెడుతున్నాం. 1970 నుంచి 72 వరకు వేన్ జకారీ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక యూనివర్సిటీ కరాటే క్లబ్బుని దగ్గరుండి గమనించాడు. మాస్టరుకీ క్లబ్బు నడిపే పెద్దకీ ఫీజుల దగ్గర గొడవొచ్చి క్లబ్బు రెండుగా చీలింది. ఎవరు ఎవరితో బయట కూడా కలుస్తారో ఆయన రాసిపెట్టుకుని 1977లో అచ్చు వేశాడు. 34 మంది, వాళ్ల మధ్య 78 లంకెలు. మాస్టరు 1వ నంబరు, క్లబ్బు పెద్ద 34వ నంబరు.

సామాను: హార్డ్‌వేర్ షాపులో 34 ఇనుప వాషర్లు (మనిషికొకటి), రెండు డబ్బాల జెమ్ క్లిప్పులు, ఒక ఉండ నూలు దారం (లంకెకో ముక్క), నంబర్లు రాయడానికి స్టిక్కర్లు. ప్రతి దారానికీ రెండు కొసల్లోనూ క్లిప్పు కట్టి, ఆ క్లిప్పుని వాషరుకి తగిలించాలి. అప్పుడు ఏదైనా వాషరు తీసేయాలంటే కత్తెర అక్కర్లేదు. క్లిప్పులు ఊడదీస్తే చాలు, మళ్లీ తగిలించుకోవచ్చు. 78 దారాలకి 156 క్లిప్పులు. కట్టడానికే సాయంత్రం అయిపోయింది. చివర్లో క్లిప్పులు లెక్కపెడితే 155 వచ్చాయి. ఒక దారం 14వ వాషరు దగ్గర జారిపోయి చాప కింద దొరికింది. 34వ వాషరుకి 17 క్లిప్పులు పట్టేసరికి వాషరే కనపడకుండా పోయింది.

బుధవారం రాత్రి

ఏదో ఒక వాషరు పట్టుకుని పైకి లేపితే దానికి తగిలి ఉన్నదంతా వేలాడుతూ లేస్తుంది. అదే ఒక ముక్క. ఇప్పుడు ఏది పట్టుకున్నా 34 వాషర్లూ లేస్తున్నాయి. ఒకదాన్ని తీసేశాక లేచే పెద్ద గుత్తిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, మా ప్రయోగమంతా ఇంతే.

ముందుగా ఒక్కొక్కటే తీసి, చూసి, మళ్లీ పెట్టాం. 34 సార్లు. ఓపిక పరీక్షే, కానీ ఇది చేయకుండా ముందుకి వెళ్లి ఉంటే చాలా పోగొట్టుకునేవాణ్ణి. 34లో 33 సార్లు ఏమీ కాలేదు. తీసినది పోగా మిగతా 33 ఒకే గుత్తిగా లేచాయి. 17 క్లిప్పులున్న 34వ వాషరు తీసినా అంతే, 33 లేచాయి! అందరికంటే ఎక్కువ మందితో కలిసేవాడు పోతే ఒక్కడు కూడా విడిపోలేదు. ఒక్క 1వ వాషరు తీసినప్పుడు మాత్రం గుత్తి 27కి పడింది. 12వ వాషరు ఒంటరిగా నేలమీద ఉండిపోయింది. 5, 6, 7, 11, 17 ఐదూ కలిసి వేరే చిన్న గుత్తి అయ్యాయి.

34కి 17 లంకెలు, 1కి 16. లంకెల లెక్కలో 34దే పైచేయి. కానీ 34 చుట్టూ ఉన్నవాళ్లు 33తోనో, 3తోనో, ఇంకెవరితోనో కూడా కలిసి ఉన్నారు, ఒక తాడు తెగితే ఇంకోటి పట్టుకుంటుంది. 5, 6, 7, 11, 17లకి మాత్రం మిగతా క్లబ్బుతో ఉన్న ఒకే వాకిలి 1వ నంబరు.

2000లో రేకా ఆల్బర్ట్, హవూంగ్ జియాంగ్, ఆల్బర్ట్-లాస్లో బరబాసీ నేచర్ పత్రికలో రాసిన మాట ఇదే. కొద్దిమందికి చాలా లంకెలు, ఎక్కువమందికి కొన్నే లంకెలు ఉండే నెట్‌వర్క్, గుడ్డిగా వచ్చే దెబ్బని తట్టుకుంటుంది. ఎంచి కొట్టే దెబ్బకి మాత్రం త్వరగా విరుగుతుంది. 34లో 33 సార్లు ఏమీ కాకపోవడం చేత్తో చూశాక ఆ మాట నాకు మొదటిసారి బరువుగా తగిలింది.

గురువారం

కంప్యూటర్‌లో అదే చేస్తే అదే రావాలి కదా అని మేనల్లుడు పైథాన్‌ భాషలో నెట్‌వర్క్‌ల లెక్కలు కట్టే నెట్‌వర్క్‌ఎక్స్ తెరిచాడు. కరాటే క్లబ్బు అందులో ముందే ఉంటుంది. వాడు 1ని తీసేశాడు. పెద్ద ముక్క 33 అని వచ్చింది. మా గుత్తి 27 అంటోంది, యంత్రం 33 అంటోంది.

"మావయ్యా, నువ్వేదో క్లిప్పు మర్చిపోయుంటావు" అన్నాడు.

దాంతో 156 క్లిప్పులూ మళ్లీ లెక్కపెట్టాను. సరిగ్గా ఉన్నాయి. జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో దారం సరిచూశాను. అవీ సరిగ్గానే ఉన్నాయి. రాత్రి పదకొండుకి వాడే పట్టుకున్నాడు. నెట్‌వర్క్‌ఎక్స్ నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి. వాడు తీసిన '1' నిజానికి మా 2వ వాషరు. దాన్ని తీస్తే 33 రావడం సరైనదే. '0' తీస్తే 27 వచ్చింది.

ఈ తప్పు ఎవరైనా చేస్తారు. చేత్తో చేసిన లెక్క పక్కన లేకపోతే 33 అనే జవాబుని మేం నమ్మేసి ముందుకి వెళ్లిపోయేవాళ్లం. పెద్ద నెట్‌వర్క్ మీదకి ఏ ప్రోగ్రాం వెళ్లినా ముందు ఈ 34 వాషర్ల దగ్గర నెగ్గాలని ఆ రాత్రే నియమం పెట్టుకున్నాం.

రెండో ఆదివారం

ఇవాళ వరసగా తీయడం. మొదటి పద్ధతి అందరికీ తట్టేదే. లంకెల లెక్క ప్రకారం పెద్ద నుంచి చిన్నకి జాబితా రాసుకుని, ఆ వరసలోనే తీసుకుంటూ పోవడం. మా జాబితా: 34కి 17, 1కి 16, 33కి 12, 3కి 10, 2కి 9, ఆ తర్వాత 4కీ 32కీ చెరి 6.

34 తీశాం, గుత్తి 33. 1 తీశాం, 26. 33 తీశాం, 20. ఇక్కడ చూడ్డానికి బాగుంది. 15, 16, 19, 21, 23 నంబర్లు ఐదూ 33నీ 34నీ తప్ప ఎవర్నీ ఎరగవు, రెండూ పోయేసరికి టపటపా రాలిపోయాయి. 3 తీశాం, గుత్తి రెండుగా విరిగి పెద్దది 10, చిన్నది 8. 2 తీశాం, ఆ పది కూడా చెదిరిపోయి ఇప్పుడు 8దే పెద్ద ముక్క. ఐదు వాషర్లతో 34 మంది క్లబ్బు ఎనిమిదికి దిగింది.

ఇక జాబితాలో తర్వాతది 4. తీశాం. పెద్ద గుత్తి ఎంత? ఎనిమిదే. కదల్లేదు.

ఎందుకో చూద్దామని గుత్తులన్నీ నేలమీద పరిచాం. 4వ నంబరుకి ఆరు లంకెలుండేవి నిజమే, కానీ అందులో మూడు 1, 2, 3తో. ఆ ముగ్గురూ ఎప్పుడో పోయారు. ఇప్పుడది 8, 13, 14తో కలిసి నలుగురి ముక్కలో కూర్చుని ఉంది. పెద్ద ముక్కతో దానికి సంబంధమే లేదు. దాన్ని తీయడం వల్ల మాకు ఒక దెబ్బ వృథా అయింది.

4ని మళ్లీ తగిలించి, ఆ ఎనిమిదిలో ఎవరు ముఖ్యమో కొత్తగా చూశాం. 24, 25, 26, 32కి తలా మూడు లంకెలున్నాయి. 32 తీస్తే పెద్ద ముక్క 6 అవుతుంది, 25 తీస్తే 7. 24 తీస్తే 5. మొదటి జాబితాలో 24 ఈ 4, 32ల కంటే కింద ఉంది, దానికి ఉన్నవి ఐదే లంకెలు.

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే గట్టిగా చెప్పాలనిపించేది ఈ 4వ వాషరు గురించే. మొదటి దెబ్బ పడగానే జాబితా పాతబడిపోతుంది. అల్లికలో ఎవరి బరువూ వాళ్ల సొంతం కాదు, పక్కవాళ్లు ఉన్నంతవరకే. పక్కవాళ్లు పోయాక కూడా పాత లెక్కతోనే కొడితే దెబ్బ గాలికి పోతుంది. తీసిన ప్రతిసారీ మళ్లీ లెక్కపెట్టాలి. 2002లో పెట్టర్ హోల్మె, ఆయన తోటివాళ్లు ఇదే విషయాన్ని కొలిచి చూపించారు. ఒకసారి రాసుకున్న జాబితా ఒక పక్క, ప్రతి దెబ్బకీ తిరిగి కట్టిన లెక్క ఇంకో పక్క పెట్టి చూస్తే, తిరిగి కట్టిన లెక్కే ఎక్కువ దెబ్బ తీస్తుందని.

ఇంకొకటి. 34, 1, 33, 3, 2, 4, 24 అని ఏడు తీసేశాక పెద్ద ముక్క ఐదు. ఇప్పుడు 4ని వెనక్కి పెట్టి చూశాం. 8, 13, 14తో కలిసి నాలుగైంది, ఐదు దాటలేదు. అంటే 4ని ఊరికే వెనక్కి ఇచ్చేయొచ్చు. 2ని కూడా వెనక్కి పెడితే మాత్రం 4 ఉన్న ఆ నాలుగూ, 18, 20, 22, 9, 31, అన్నీ వచ్చి అతుక్కుని ముక్క పది అవుతుంది, అది కుదరదు. ఇలా చివర్లో ఒక్కోదాన్ని వెనక్కి పెట్టి చూడటం కూడా పెద్ద పద్ధతులు చాలావాటిలో ఉండే మెట్టే. పెద్ద నెట్‌వర్క్‌లో దీనివల్ల ఎన్నో ముడులు తిరిగొస్తాయి. టీకా డోసుల్లాంటివైతే ఆ తిరిగొచ్చిన ప్రతిదీ ఒక డోసు మిగులు.

మంగళవారం

టీకా అన్నాను కాబట్టి. నెట్‌వర్క్‌ని ముక్కలు చేయడం అనగానే వినడానికి విధ్వంసంలా ఉంటుంది, కానీ ఈ విద్యని మనుషులు ఎక్కువగా కోరుకున్నది జబ్బుల కోసమే. టీకా వేసుకున్నవాడు వ్యాధి దారిలోంచి తీసేసిన వాషరు. డోసులు తక్కువగా ఉన్నప్పుడు ఎవరికి వేస్తే జబ్బుకి దారులు ఎక్కువగా మూసుకుపోతాయి?

అసలు చిక్కు, ఊళ్లో ఎవరికి ఎన్ని లంకెలున్నాయో రాసి ఉన్న కాయితం ఎవరి దగ్గరా ఉండదు. దీనికి రూవెన్ కోహెన్, ష్లోమో హావ్లిన్, డానియల్ బెన్-అవ్రహామ్ 2003లో ఒక ఉపాయం చెప్పారు. ఎవరో ఒకర్ని పట్టుకో. వాళ్లకి వేయకు. "నీకు తెలిసినవాళ్లలో ఒకరి పేరు చెప్పు" అని అడిగి, ఆ చెప్పినవాళ్లకి వెయ్యి. అంతే!

ఎందుకు పనిచేస్తుందో మా క్లిప్పులు చెప్పేశాయి. మేనల్లుడి చేత కళ్లు మూయించి ఒక దారం కొస పట్టుకోమన్నాను. కొసలు మొత్తం 156. అందులో 17 కొసలు 34వ వాషరువి, 16 మాస్టరువి, 12 కొసలు 33వి, కలిపి 45. అంటే నూటికి దాదాపు 29 సార్లు వాడి చెయ్యి ఈ ముగ్గురిలో ఒకరి మీద పడుతుంది. వాషర్లనే నేరుగా సంచిలో వేసి ఒకటి తీయమంటే ముగ్గురిలో ఒకరు వచ్చే అవకాశం 34లో 3, నూటికి 9 కూడా లేదు. సగటు కూడా లెక్కకట్టాం. ఊరికే ఒక మనిషిని తీస్తే సగటున 4.6 లంకెలు. దారం కొస పట్టుకుని మనిషి దగ్గరికి వెళ్తే సగటున 7.8. మన స్నేహితులకి మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారని 1991లో స్కాట్ ఫెల్డ్ చూపించింది ఈ లెక్కే. పటం లేకుండానే పెద్ద ముడిని వెతికి పట్టే ఈ ఉపాయం నాకు మొత్తం విషయంలోకెల్లా అందమైనదిగా అనిపిస్తోంది. ఒక్క కాగితం లేకుండా, ఒక ఆశా కార్యకర్త నోటిమాటతో చేయగల పని ఇది.

శనివారం

తోకలు తీయడం. 2016లో లెంకా జ్దెబొరోవా, పాన్ ఝాంగ్, హైజున్ ఝౌ రాసిన పద్ధతి, దాన్ని కోర్‌హెచ్‌డీ అంటారు. ఒకే క్లిప్పుతో వేలాడుతున్న వాషరు ఏదైనా ఉంటే పక్కన పెట్టు. దాన్ని పక్కన పెట్టడం వల్ల ఇంకోటి ఒంటి క్లిప్పుది అయితే దాన్నీ పక్కన పెట్టు. ఇక అలాంటివి లేవనేదాకా చెయ్యి. మిగిలింది కోర్, అంటే రెండేసి వైపులైనా పట్టున్న గట్టి భాగం. ఇప్పుడు ఆ కోర్‌లో ఎవరికి ఎక్కువ లంకెలో వాళ్లని తీసెయ్. మళ్లీ తోకలు తియ్. అల్లికలో చుట్టు తిరిగే దారి ఒక్కటి కూడా లేనిదాకా ఇదే. చుట్టు లేని అల్లిక అంటే చెట్టు కొమ్మల్లాంటిది, దాన్ని విరవడం సులువు.

చేత్తో చేసి చూశాం. 34, 1 పోయాక మామూలు లెక్కలో 33వ వాషరుది పైచేయి, 11 క్లిప్పులు. 3కి తొమ్మిది, 2కి ఎనిమిది. ఇప్పుడు తోకలు తీశాం. 33కి వేలాడుతున్న ఐదూ రాలిపోయి దానికి 6 మిగిలాయి. 2కి వేలాడుతున్న 18, 20, 22 పోయి 5 మిగిలాయి. 3కి ఒక్క 10 మాత్రమే పోయింది, ఇంకా 8 ఉన్నాయి. వరస తిరగబడింది. 33కి కనపడే బలంలో సగం దాకా దాని మీద వేలాడేవాళ్లదే. 3ది రెండు వైపుల్నీ కలిపి పట్టుకున్న బలం.

కానీ నిజాయితీగా రాసుకోవాల్సింది ఒకటుంది. మూడో దెబ్బగా 33 తీస్తే గుత్తి 26 నుంచి 20కి దిగింది. 3 తీస్తే 24కే దిగింది. ఆ ఒక్క దెబ్బ వరకు చూస్తే కోర్‌హెచ్‌డీ వెనకబడినట్టే. నాలుగో దెబ్బకి ఇద్దరూ పోయాక రెండు పద్ధతులూ పదికే చేరాయి. ఈ పద్ధతి ప్రతి అడుగులోనూ ఎక్కువ రాల్చడానికి కాదు, ఆఖరికి తక్కువ దెబ్బలతో పని ముగించడానికి. దారిలో కూడా నష్టం వీలైనంత ఎక్కువ కావాలా, చివరి లెక్క తగ్గితే చాలా అన్నది ముందే తేల్చుకోకుండా రెండు పద్ధతుల్ని పోల్చకూడదు. మా మొదటి పోలిక పట్టికలో నేను ఈ రెంటినీ కలిపేశాను. చింపేసి మళ్లీ గీశాను.

మూడో వారం, రాత్రులు

పెద్దదానికి వచ్చాం. డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్ 1998లో వాడిన అమెరికా పశ్చిమ రాష్ట్రాల కరెంటు గ్రిడ్. 4941 ముడులు, 6594 లైన్లు. ఎప్పటిదో పాత పటం, ఎవరైనా దింపుకోవచ్చు. కరాటే క్లబ్బులో సగటున మనిషికి నాలుగున్నర లంకెలుంటే ఇక్కడ ముడికి 2.67 మాత్రమే. అందరికంటే పెద్ద ముడికి కూడా 19 లైన్లే. భూమ్మీద స్తంభాలు పాతి లాగిన నెట్‌వర్క్‌కి ఇది సహజం, ఒక సబ్‌స్టేషన్‌కి వందల లైన్లు రావు.

అందుకే ఇక్కడ లంకెల లెక్క అంతగా దారి చూపదు. చూపేది బిట్వీన్‌నెస్. ప్రతి ఇద్దరి మధ్యా ఉన్న దగ్గరి దారులన్నీ గీస్తే, ఎన్ని దారులు ఒక ముడి మీదుగా వెళ్తాయో ఆ లెక్క. కరాటే క్లబ్బులో కూడా ఈ లెక్క ప్రకారం మొదటివాడు 34 కాదు, మాస్టరే. మా వాషర్లు బుధవారమే ఆ మాట చెప్పాయి. గ్రిడ్‌లో నాలుగే లైన్లున్న ముడి కూడా రెండు పెద్ద ప్రాంతాల మధ్య వంతెనలా నిలబడి ఉంటే ఈ లెక్కలో పైకి వస్తుంది.

ఇబ్బంది సమయంతో. ఉల్రిక్ బ్రాండెస్ 2001లో ఇచ్చిన పద్ధతి ఉన్నవాటిలో వేగమైనది. అయినా ముడుల సంఖ్యనీ లైన్ల సంఖ్యనీ గుణించినంత పని, ఇక్కడ దాదాపు 3 కోట్ల 26 లక్షల అడుగులు. అది ఒకసారికి. ప్రతి దెబ్బకీ తిరిగి లెక్కపెట్టాలని మేమే నియమం పెట్టుకున్నాం కదా. మొదటి రాత్రి లాప్‌టాప్ తెల్లారేదాకా నడిచి వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. ఫలితాల్ని ఎప్పటికప్పుడు ఫైల్లో రాయించలేదు, అన్నీ పోయాయి. రెండో రాత్రికి మూడు మార్పులు చేశాం. లెక్క పెద్ద ముక్కలోనే కట్టడం, ఎందుకంటే విడిపోయిన చిన్న ముక్కలతో పనిలేదు. నెట్‌వర్క్‌ఎక్స్ బదులు సీ భాషలో రాసిన ఐగ్రాఫ్ వాడటం. ప్రతి దెబ్బ తర్వాతా ఫైల్లో ఒక వరస రాయించడం. లాప్‌టాప్ కింద రెండు పుస్తకాలు పెట్టి గాలి ఆడేలా చేసింది మా చెల్లెలు. అది కూడా రాసుకోవాలి.

గ్రాఫ్ గీసి చూస్తే రెండు గీతలూ రెండు రకాల నడక. లంకెల లెక్కతో తీసినప్పుడు పెద్ద ముక్క వాలు మీద జారినట్టు మెల్లగా తగ్గుతుంది. బిట్వీన్‌నెస్‌తో తీసినప్పుడు మెట్లు దిగినట్టు పడుతుంది. కొన్ని దెబ్బల వరకు ఏమీ కాదు, ఒక దెబ్బకి పెద్ద పలక విరిగిపడుతుంది. వంతెనలన్నీ ఒక్కొక్కటిగా పోయి, ఆఖరిది పోగానే ఒక ప్రాంతం మొత్తం విడిపోతుంది. మధ్యలో ఉన్న ఆ చదునైన భాగాలే నన్ను భయపెట్టాయి. బయటికి ఏమీ కాలేదనిపిస్తుంది, లోపల మాత్రం ఇంకొక్క దారమే మిగిలి ఉంటుంది.

ఇక్కడ ఎలక్ట్రికల్ మాస్టారుగా ఒక హెచ్చరిక రాయకపోతే తప్పు. కరెంటు దగ్గరి దారిలో పోదు. ఉన్న దారులన్నిటిలోనూ వాటి అడ్డుని బట్టి పంచుకుని పోతుంది. ఒక లైను తెగితే దాని మీది లోడు మిగతా లైన్ల మీద పడుతుంది, అవి మోయలేక ట్రిప్ అవుతాయి, అంటే వాటంతటవే ఆగిపోతాయి, వాటి లోడు ఇంకోవాటి మీద పడుతుంది. మా వాషర్లకి ఈ సంగతి తెలియదు. వాటిలో ఒకటి తీస్తే ఒకటే పోతుంది. 2012లో జరిగింది అది కాదు. ముక్కల లెక్క గ్రిడ్‌కి మొదటి చూపు మాత్రమే.

నాలుగో ఆదివారం

ముడులు తీయడం చాలు, ఇవాళ దారాలు కోయడం. జకారీ చేసింది కూడా అదే. 1నీ 34నీ వేరుచేయడానికి అన్నిటికంటే సన్నటి చోటు ఎక్కడుందో ఫోర్డ్, ఫుల్కర్సన్‌ల ప్రవాహ పద్ధతితో కనిపెట్టి, క్లబ్బు అక్కడే చీలుతుందని చెప్పాడు. 34 మందిలో 33 మంది విషయంలో ఆ మాట నిజమైంది.

తప్పింది 9వ నంబరు దగ్గర. మేం వాషర్లని రెండు కుప్పలుగా పెట్టి మధ్యలో సాగిన దారాలు లెక్కపెట్టాం. 9ని 34 వైపు పెడితే 10 దారాలు. మాస్టరు వైపు పెడితే 11. ఒక్క దారం తేడా. అల్లిక అతణ్ణి 34 వైపు లాగుతోంది. కానీ అతను మాస్టరుతోనే వెళ్లాడు. బ్లాక్ బెల్ట్ పరీక్ష ఇంకో మూడు వారాల్లో ఉంది, అవతలికి వెళ్తే అన్నేళ్ల కష్టం మళ్లీ మొదట్నుంచి. పాపం ఆ మూడు వారాలు ఏ దారంలోనూ లేవు.

తర్వాత మా సొంత ప్రశ్నకి వచ్చాం. 2012లో దక్షిణ గ్రిడ్‌ని మిగతా దేశంతో కలిపి ఉంచినవి మామూలు ఏసీ లైన్లు కావు. గాజువాకలో, చంద్రపూర్ దగ్గర భద్రావతిలో బ్యాక్-టు-బ్యాక్ స్టేషన్లు, తాల్చేర్ నుంచి కోలార్ దాకా హెచ్‌వీడీసీ లైను, అంటే ఎక్కువ వోల్టేజీ డీసీ లైను. బ్యాక్-టు-బ్యాక్‌లో ఇటువైపు ఏసీ వచ్చి, అక్కడే డీసీ అయి, మళ్లీ ఏసీ అయి అవతలికి వెళ్తుంది. కరెంటు దాటుతుంది, ఫ్రీక్వెన్సీ దాటదు. అటువైపు 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారిపోతున్నా ఇటువైపు చక్రం తన లయలో తిరుగుతూనే ఉంటుంది. గాజువాక మా ఊరే, రోజూ ఆ గేటు ముందు నుంచే బస్సులో కాలేజీకి వెళ్తాను. ఆ పది నిమిషాల దారిలో ఆ సంగతి తలుచుకోని రోజు ఉండదు.

"అయితే విడిగా ఉండబట్టే కదా మావయ్యా బతికాం. మరి ఎందుకు కలిపారు?" అన్నాడు మేనల్లుడు.

2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాన్ని మిగతా గ్రిడ్‌తో ఏసీలోనే కలిపేశారు. దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. వాడి ప్రశ్న న్యాయమైనదే. అప్పట్లో మనకి కరెంటు కరువు. వేరేచోట మిగిలి ఉన్నా ఆ సన్నటి వాకిళ్లలోంచి పట్టినంతే వచ్చేది. పెద్ద గ్రిడ్‌లో కరెంటు తయారుచేసే ఒక యూనిట్ హఠాత్తుగా ఆగినా ఫ్రీక్వెన్సీ అంతగా ఊగదు, వందల జనరేటర్లు తలా కొంచెం భుజం పడతాయి. అందుకే కలపాలి. కలిపాక, దెబ్బ తగిలినప్పుడు ఎక్కడ విడదీయాలో ముందే తెలిసి ఉండాలి. దాన్నే ఐలాండింగ్ అంటారు. కూలిపోయే గ్రిడ్ నుంచి ఒక ప్రాంతాన్ని దాని జనరేటర్లతో సహా కావాలనే తెంచి, ఆ ముక్కలో దీపాలు ఆరిపోకుండా చూడటం.

అప్పుడు లెక్క మొత్తం మారుతుంది. ఇన్నాళ్లూ మాకు కావాల్సింది చిన్న ముక్కలు. ఇప్పుడు కావాల్సింది బతికే ముక్కలు. ప్రతి ముక్కలోనూ తయారయ్యేదీ వాడేదీ సరిపోవాలి. కోసే దారాలు తక్కువగా ఉండాలి, వాటి మీద ఆ క్షణాన పోతున్న కరెంటు కూడా తక్కువగా ఉండాలి.

వాషర్ల మీద మొదలుపెట్టాం. ఎర్ర స్టిక్కరు ఉంటే జనరేటరు, లేకపోతే లోడు. మేనల్లుడు 1, 3, 24, 33, 34కి ఎర్రవి అంటించాడు. 5, 6, 7, 11, 17 గుత్తిని విడదీయడం అన్నిటికంటే తేలిక. 1వ వాషరు నుంచి వాటికి వెళ్లే దారాలు నాలుగే, ఆ నాలుగు క్లిప్పులు ఊడదీస్తే చాలు, మాస్టరు చెక్కుచెదరడు. ఊడదీసి, 17ని పట్టుకుని లేపాడు. ఐదు వాషర్లు శుభ్రంగా లేచాయి. ఒక్కదాని మీదా ఎర్ర స్టిక్కరు లేదు.

"ఇందులో దీపం వెలగదు మావయ్యా."

నాలుగు క్లిప్పులూ మళ్లీ తగిలించాం. 17 మీద ఎర్ర స్టిక్కరు అంటించి, దానికి ఎన్ని మెగావాట్లు ఇవ్వాలో నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీశాం.